రాస్ప్‌బెరీ పై వేడెక్కుతోందా? ఫ్యాన్ కొనేముందు ఇది చూడండి

మా ఇంట్లో సినిమాలు, అక్క పెళ్లి వీడియో, అన్నీ ఒక రాస్ప్‌బెరీ పై 4లో జెల్లీఫిన్ పెట్టి నడుపుతున్నాను. ఎండాకాలం వస్తే అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ ఫ్యాన్ కొనాలి?"

ఫ్యాన్ సంగతి తర్వాత. ముందు వేడి ఎక్కడ పుడుతోందో చూడండి. పై 4 చిప్ 80 డిగ్రీలకి చేరితే తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది, వీడియో ఆగి ఆగి వస్తుంది. ఫైల్‌ని ఉన్నదున్నట్టు పంపడం దానికి పెద్ద పనేం కాదు. కానీ మీ ఫోన్‌కో టీవీకో ఆ ఫార్మాట్ పడకపోతే, అప్పటికప్పుడు మార్చి పంపాలి. అదే ట్రాన్స్‌కోడింగ్. అసలు వేడంతా అక్కడే! జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డ్‌లో ప్లే అవుతున్న వీడియో దగ్గర 'డైరెక్ట్ ప్లే' అని ఉంటే ఓకే. ట్రాన్స్‌కోడింగ్ అని ఉంటే, ఆ ఫైల్‌ని ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి హెచ్ 264కి మార్చి పెట్టేయండి.

అప్పటికీ తగ్గకపోతే హీట్‌సింక్, చిన్న ఫ్యాన్. టీవీ స్టాండ్‌లో మూసిన అరలో మాత్రం పెట్టొద్దు, అక్కడ ఫ్యాన్ ఆ వేడి గాలినే తిప్పుతుంది. హార్డ్‌డిస్క్‌ని కూడా పై మీద ఆనించకండి. సినిమా పోతే మళ్లీ దొరుకుతుంది, పెళ్లి వీడియో దొరకదు కదా, దానికి వేరే డిస్క్‌లో ఇంకో కాపీ ఉండాల్సిందే.

ఇక దుమ్ము. నెలకోసారి షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలు.