లోతు తగ్గిన చెరువులో నీరు నిలవదు

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, శంకరాపరణి నదీపాయ ఒడ్డున ఉన్న అరియాంకుప్పాన్ని ఎవరూ ఎడారి ప్రాంతమనరు. అయితే ఇక్కడి వానలో అధికభాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్లనే కురుస్తుంది కాబట్టి, ఆ తర్వాతి పొడి నెలలను గట్టెక్కించే భారమంతా చెరువుల మీదా, భూగర్భజలం మీదా పడుతుంది. ఈ ప్రాంతపు చెరువుల్లో పెద్దదైన ఊసుడు సుమారు 800 హెక్టార్లలో పరచుకొని శంకరాపరణి నీటితో నిండుతుంది. రెండోదైన బాహూరు చెరువుకు పెన్నైయారు నుంచి వచ్చే బంగారు కాలువే ఆధారం.

ఎండలు ముదిరేకొద్దీ బాష్పీభవనం, అంటే నీరు ఆవిరైపోవడం, ఎక్కువవుతుంది. ఆవిరయ్యే నీటి పరిమాణం చెరువు లోతు మీద కన్నా నీరు పరచుకున్న విస్తీర్ణం మీద ఆధారపడుతుందన్నదే ఇక్కడ కీలకం. వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్ల చొప్పున 100 రోజుల్లో 60 సెంటీమీటర్ల నీరు పోయిందనుకుంటే, రెండు మీటర్ల లోతున్న చెరువు మూడోవంతు లోపే నష్టపోతుంది. అదే చెరువు పూడికతో, అంటే వరద మోసుకొచ్చిన ఒండ్రుతో, మీటరు లోతుకు మేటవేసి ఉంటే సగానికి పైగా ఖాళీ అవుతుంది. ఎండ చేసే నష్టాన్ని పూడిక తీయని నిర్లక్ష్యం ఇలా రెట్టింపు చేస్తోంది.

వాతావరణ మార్పు వానలనూ తాకుతోంది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది గనుక వాన కురిసినప్పుడు కుండపోతగా కురుస్తోంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు మించి వర్షం పడింది. వాగులూ కాలువలూ ఆక్రమణలతో, చెత్తతో మూసుకుపోయిన చోట అంత నీరు చెరువుకు చేరక వీధులను ముంచి, సముద్రంలో కలిసిపోతుంది. చెరువు నిండకపోతే రైతు బోరును ఆశ్రయిస్తాడు. తీరం దగ్గర మంచినీటి మట్టం పడిపోయేకొద్దీ ఉప్పునీరు నేల లోపలికి చొచ్చుకొస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తీపెక్కడానికి ఏళ్లు పడుతుంది.

నీటివనరు ఎండడానికి ఎప్పుడూ వాతావరణమే కారణం కాదు. మధ్య ఆసియాలో 1960ల నుంచి పత్తి సాగు కోసం నదులను మళ్లించడంతో అరల్ సముద్రం చాలావరకు ఎండిపోయింది. అక్కడ ప్రధాన కారణం మనిషే. అరియాంకుప్పం పరిసరాల్లో మాత్రం వాతావరణం, మనిషి నిర్లక్ష్యం రెండూ పెనవేసుకున్నాయి. వాటిలో వాతావరణాన్ని ఒక ఊరు మార్చలేదు, పూడికను తీయగలదు. యూరోపియన్ యూనియన్ సాయంతో 1999లో మొదలైన పుదుచ్చేరి చెరువుల పునరుద్ధరణ పథకం ఎనభైకి పైగా చెరువుల బాగుకు, వాటి మీద ఆధారపడిన రైతుల సంఘాలనే భాగస్వాములుగా చేసుకుంది. ఆ దారిని వదలకుండా, ఏటా అక్టోబరు వానలకు ముందే కాలువలు, తూములు, అలుగులు బాగుచేయించాలని ప్రతి ఊరూ తన పంచాయతీని గట్టిగా అడగాలి.