జార్జి స్నెల్ శాస్త్రజ్ఞుని చిట్టెలుకలు

తోటమాలి యొక మామిడి కొమ్మను వేఱొక మామిడి మొక్కకు అంటు కట్టినచో అది కొలది వారములలో అతుకుకొని చిగురించును. కాని యొక మనుష్యుని చర్మమును మఱియొకని గాయముపై అతికించినచో, సాధారణముగా కొలది వారములలోనే అది చచ్చి ఊడిపోవును. చెట్టు సహించినదానిని శరీరమేల సహింపదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో తన యాయుష్షును వినియోగించిన జార్జి స్నెల్ అను శాస్త్రజ్ఞుని కృషిని మా చదువరులకు సంగ్రహముగా తెలుప నెంచితిమి.

స్నెల్ 1903వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమందు జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున విలియం కాజిల్ అను ఆచార్యుని యొద్ద చిట్టెలుకల జన్యువులను, అనగా తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించు లక్షణములకు మూలమైన సూక్ష్మాంశములను పరిశోధించి, 1930లో డాక్టరు పట్టమును పొందెను. 1935లో మెయిన్ రాష్ట్రమున సముద్రతీరమందలి బార్ హార్బరు అను ఊరిలోని జాక్సను ప్రయోగశాలలో చేరెను.

అచ్చట అనేక తరములుగా అన్నాచెల్లెండ్రనే జతకలిపి పెంచుటచే, ఒక్కొక్క తెగ చిట్టెలుకలన్నియు కవల పిల్లలవలె నొక్క తీరున నుండెడివి. ఒక యెలుక కంతిని అదే తెగ యెలుకకు అంటించిన అది పెరుగును. వేఱు తెగ యెలుకకు అంటించిన సామాన్యముగా నశించును. దీనికి కారణము అనేక జన్యువులని తెలిసెను గాని, అవి యేవియో తెలియకుండెను. వానిని ఒక్కొక్కటిగా విడదీయుటకు స్నెల్ పూనుకొనెను.

ఆయన పద్ధతి యిది. 'క' తెగను 'గ' తెగతో కలిపి, వాని సంతానమును తమలో తామే జతకలిపి, పుట్టిన పిల్లలకు 'క' తెగ కంతిని అంటించెను. ఆ కంతిని తిరస్కరించి బ్రదికిన దానిని మాత్రమే యేరి, మరల 'క' తెగతో కలిపెను. ఇట్లు కలిపినప్పుడెల్ల 'గ' తెగ పాలు సగము తగ్గును: అర, పాతిక, అరపాతిక. పదవ పర్యాయమునకు, తిరస్కారమునకు మూలమైన జన్యువును దాని నంటియున్న కొంత భాగమును తప్ప, తక్కినది సుమారు వెయ్యింట నొక పాలే మిగులును. ఇది నెలల పని కాదు, సంవత్సరముల పని.

ఇంతకుముందే, 1936లో లండనునందు పీటరు గోరరు అను వైద్యుడు చిట్టెలుకల రక్తమున నొక పదార్థమును కనుగొని, కంతి తిరస్కారముతో దానికి సంబంధము కలదని చూపియుండెను. ఆయన 1946లో బార్ హార్బరునకు వచ్చెను. ఇరువురు వెదకుచున్న దొక్కటే యని తేలెను. 1948లో ప్రకటింపబడిన ఆ జన్యుస్థానమునకు హెచ్-2 అని పేరు.

ఈ నడుమ 1947 అక్టోబరులో కార్చిచ్చు వ్యాపించి ప్రయోగశాలను దహించెను. వేలాది చిట్టెలుకలు మాడిపోయెను. తరతరముల శ్రమ బూడిదయైనట్లే తోచెను. కాని యీ ప్రయోగశాల వారు తమ తెగల యెలుకలను పూర్వమే దూరదేశముల పరిశోధకులకు పంపియుండిరి. వారు ఆ సంతతిని తిరిగి పంపిరి. పొరుగువారికి పంచిన విత్తనమే గాదె కాలిన రైతును నిలిపినట్లు, ఇచ్చిన దానము వారిని నిలిపెను. స్నెల్ తన పని మరల సాగించెను.

1954లో బోస్టనునందు ఒకే రూపపు కవలలలో నొకని మూత్రపిండమును రెండవవానికి అమర్చగా అది నిలిచెను. జన్యువులు సమానమైనచో శరీరము తిరస్కరింపదని మానవులయందును కనబడెను. 1958లో ఫ్రాన్సు దేశీయుడగు జీన్ డౌసే తెల్ల రక్తకణములపై హెచ్-2 వంటి గుర్తును మానవులయందు కనుగొనెను. ఆ గుర్తుల సముదాయమునే నేడు హెచ్.ఎల్.ఏ. అందురు. రోగక్రిముల తునుకలను దేహరక్షక కణములకు చూపుటయే వీని సహజ ధర్మము. పరాయి యవయవమును శత్రువుగా నెంచుట ఆ కాపుదల ఫలమే.

1980లో స్నెల్, డౌసే, బెనాసెరాఫ్ అను మువ్వురకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను. అప్పటికి స్నెల్ వయస్సు 76 ఏండ్లు. ఆయన 1996లో బార్ హార్బరునందే పరమపదించెను.

నేడు రోగికి ఎముక మూలుగ కావలసినచో వైద్యులు మొదట తోబుట్టువులనే పరీక్షింతురు; ఒక్కొక్క తోబుట్టువు గుర్తులు పూర్తిగా సరిపోవుటకు నాలుగింట నొక పాలు అవకాశము కలదు. ఆ పరీక్షకు దారి చూపినవి ఆ చిన్న జీవులే. విద్యార్థులారా, ఫలము కంటికి కానరాని కాలమున గూడ పనిని విడువని ఓర్పును, సంపాదించినదానిని దాచక పంచు బుద్ధిని ఈ చరిత్రమునుండి నేర్చుకొందురు గాక.