సంతలో కొన్న కూరగాయలు వారమంతా నిలవాలంటే...

మన ఆసుపత్రికి రక్తహీనతతో వచ్చే గర్భిణీ స్త్రీలను "ఆకుకూరలు తింటున్నారా?" అని అడుగుతుంటాము. "సంత రోజు తింటామండీ, మర్నాటికే వాడిపోతాయి" అని చాలామంది చెబుతారు. ఇక మిగతా వారమంతా పచ్చడి మెతుకులే! డబ్బు పెట్టి కొన్నది చెత్తలోకి పోతుంది. శరీరానికి అందవలసిన ఇనుము, ఫోలిక్ ఆమ్లం, సి విటమిన్ అందవు. కొద్దిపాటి జాగ్రత్తలతో ఈ నష్టాన్ని తగ్గించుకోవచ్చు.

ఎందుకు పాడవుతాయి?

కోసిన తర్వాత కూడా కూరగాయలు శ్వాసిస్తూనే ఉంటాయి. వేడికి వాటిలోని నీరు ఆవిరై వాడిపోతాయి. పైన తడి నిలిస్తే కుళ్ళిపోతాయి. అందుకే దాచేముందు కడగవద్దు. వండేముందు, తరగకముందే శుభ్రంగా కడగండి.

ఏది ఎలా దాచాలి?

1. ఆకుకూరలు: కట్ట విప్పి, కుళ్ళిన ఆకులు ఏరివేయండి. పొడిగా ఉన్న నూలుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కొత్తిమీర వేళ్ళను గ్లాసు నీళ్ళలో ఉంచవచ్చు.

2. టమాటాలు, అరటి, మామిడి: ఇవి పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తాయి. దాని వల్ల పక్కనున్న ఆకుకూరలు పసుపుబారతాయి. వేరుగా ఉంచండి.

3. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు: రెండింటినీ కలపకుండా, గాలి తగిలే చీకటి చోట ఉంచండి. వెలుతురు తగిలి పచ్చబడిన దుంపలో సొలనిన్ అనే విషం పెరుగుతుంది. ఉడికించినా అది పోదు. వాంతులు, కడుపునొప్పి రావచ్చు.

4. కోసిన పండ్లు: మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రిజ్ లేకపోతే వెంటనే తినేయండి. బూజు పట్టిన మెత్తని పండును ఆ ముక్క తీసేసి తినవద్దు, మొత్తం పారవేయండి.

ఫ్రిజ్ లేని ఇళ్ళలో

పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపండి. ఇసుకను ఉదయం, సాయంత్రం తడపండి. కూరగాయలు లోపలి కుండలో పెట్టి, తడిగుడ్డ కప్పి, గాలి వచ్చే నీడలో ఉంచండి. కూజాలో నీళ్ళు చల్లబడినట్లే కూరగాయలూ చల్లగా ఉంటాయి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇదే సూత్రంతో ఇటుకలు, ఇసుకలతో శీతల గదిని రూపొందించింది. పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది, ఉక్కపోతగా ఉన్నప్పుడు అంతగా పనిచేయదు.

వంట వరుస మార్చండి

మొదటి రెండు రోజులు తోటకూర, పాలకూర వండండి. తర్వాత బెండ, వంకాయ, చిక్కుడు. చివరికి గుమ్మడి, దుంపలు. పెరట్లో మునగచెట్టు ఉంటే ఆకు దాచే పనే లేదు, ఏ రోజుకారోజు కోసుకోవచ్చు. పప్పులో వేసి, వడ్డించేటప్పుడు నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఒక్క మాట మరువవద్దు. ఆకుకూరలు తింటున్నామని డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. రెండూ కావాలి.