ఆల్చిప్పలో లోహపు రేణువుల లెక్క

చెల్పూరు బొగ్గు విద్యుత్ కేంద్రం, బయ్యారం ఇనుపరాయి, పెంబర్తి ఇత్తడి: భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాలకు లోహాలతో పొత్తు పాతదే. ఈ నేల కడిగిన వాననీరు చెరువుల్లో చేరుతుంది. మంచినీటి ఆల్చిప్ప ఆ నీటిని మొప్పలతో వడపోసి తిండి ఏరుకుంటుంది; వెంట వచ్చిన లోహమూ కొంత దాని ఒంట్లో నిలుస్తుంది. మాంసంలో లోహమెంతో తూచితే సరిపోదా? సరిపోదు. వంద నానోమీటర్ల రేణువు ఒక్కటైనా, పది నానోమీటర్లవి వెయ్యయినా బరువు సమానమే. కానీ ఆ వెయ్యింటి ఉపరితలం పది రెట్లు, కణజాలానికి తగిలేదీ కరిగేదీ ఆ ఉపరితలమే. కాబట్టి తూకంతో పాటు లెక్కింపూ కావాలి.

లెక్కించే యంత్రం ఐసీపీ-ఎంఎస్. అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాలలో హౌక్, ఫాసెల్ బృందం, బ్రిటన్‌కు చెందిన గ్రే వంటివారితో కలిసి, 1980లో దాని తొలి ఫలితాలు ప్రకటించింది. వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మా మామూలు గాలి పీడనంలో వెలుగుతుంది. అయాన్లను బరువును బట్టి వేరుచేసే పరికరానికేమో శూన్యం కావాలి. సన్నని రంధ్రాలున్న లోహపు శంకువులతో ఈ రెంటికీ పొత్తు కుదర్చడమే అసలు నేర్పు. 1983కల్లా యంత్రం అమ్మకానికొచ్చింది. ఇరవై ఏళ్లు దాన్నుంచి ఎక్కువమంది అడిగింది సగటే. 2003లో స్విట్జర్లాండ్‌లో డెగెల్డ్రే వేరే ప్రశ్న వేశాడు: ఒక్కో రేణువులో ఎంత? ద్రావణాన్ని బాగా పలుచన చేస్తే రేణువులు ఒక్కొక్కటిగా ప్లాస్మాలో పడతాయి. ఒక్కోటీ సెకనులో వెయ్యో వంతు లోపే అయాన్లుగా విడిపోయి తెరమీద ఒక మొన గీస్తుంది. మొనల సంఖ్య రేణువుల సంఖ్య, మొన పరిమాణం రేణువు బరువు; కరిగిన లోహం అడుగున సమంగా సాగే గీత.

మాంసాన్ని ద్రవం చేసేటప్పుడే రేణువులు పాడవవా అన్నది న్యాయమైన సందేహం. యాసిడ్‌లో మరిగిస్తే వెండి రేణువు కరిగిపోతుంది. అందుకే ప్రోటీన్లను విరిచే ఎంజైములు వాడతారు. సైజు తెలిసిన బంగారు రేణువులను ముందే కలిపి, చివర ఎన్ని దక్కాయో సరిచూస్తారు. ఇనుము దగ్గర చిక్కు ఇంకా పెద్దది: బరువులో ఆర్గాన్ 40, ఆక్సిజన్ 16 కలిస్తే 56, ఇనుముదీ అదే 56. వెండిని పదుల నానోమీటర్లలోనే పట్టే యంత్రం బయ్యారం లోహం ముందు తడబడుతుంది. టైటానియంతో చిక్కు వేరే: బొగ్గు బూడిదలో టైటానియం ఆక్సైడ్ నానో రేణువులు ఉంటాయని 2017లో అమెరికా పరిశోధకులు చూపారు. ఆల్చిప్పలో టైటానియం మొనలు కనబడినంత మాత్రాన అవి చెల్పూరు బూడిదవనలేం. రంగుల్లోనూ మట్టిలోనూ అదే మూలకం. ఒక్కో రేణువులోని దాదాపు అన్ని లోహాలనూ ఒకేసారి చదివే కొత్త రకం యంత్రాలు మట్టి రేణువును, అందులోని అల్యూమినియం, ఇనుములను బట్టి గుర్తుపట్టగలవు. రంగుదో బూడిదదో తేల్చాలంటే మాత్రం తేడా ఆక్సిజన్ పాళ్లలో ఉంది, దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే దిక్కు.