నైట్రో వర్సెస్ ఎలక్ట్రిక్: ఆర్‌సీ రేసింగ్‌లో మీ మొదటి కారు ఏది?

కామెంట్స్‌లో ఎక్కువ మంది అడిగేది ఒకటే: "అన్నా, నైట్రో కొనాలా, ఎలక్ట్రిక్ కొనాలా?" ఈ రోజు ఆ సంగతి తేల్చేద్దాం.

ముందు నైట్రో. ఇది పెట్రోల్‌తో నడుస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఇందులో పోసేది మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన ఇంధనం. 1/8 స్కేల్ ఆఫ్‌రోడ్ బగ్గీలో ఇంజిన్ 3.5 సీసీ. అంటే 100 సీసీ బైక్ ఇంజిన్‌లో దాదాపు ముప్ఫయ్యో వంతు. కానీ ఈ బుల్లి టూ-స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 30,000 సార్లకి పైగా తిరుగుతుంది.

అంత పవర్ ఎక్కడిది? కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. నైట్రోమీథేన్‌కి 1.7 కిలోలు చాలు, ఎందుకంటే ఆక్సిజన్ దాని అణువులోనే ఉంది. కిలోకి కిలో చూస్తే పెట్రోల్‌లోనే ఎనర్జీ ఎక్కువ. కానీ ఇంజిన్ పీల్చుకునే గాలికి లిమిట్ ఉంది కదా! అదే గాలితో నైట్రోమీథేన్‌ని ఎనిమిది రెట్లు ఎక్కువ కాల్చొచ్చు. లెక్క వేస్తే రెట్టింపుకి పైగా శక్తి వస్తుంది.

మరి అంతా నైట్రోమీథేనే పోసేయొచ్చుగా? కుదరదు. పేలుడు పదార్థాల తయారీకి పనికొస్తుందని, యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి లైసెన్స్ లేనివాళ్లకి 16 శాతం మించి ఉన్న ఇంధనం అమ్మకూడదు.

ఇప్పుడు ఎలక్ట్రిక్. బ్రష్‌లెస్ మోటార్, లిపో బ్యాటరీ, మధ్యలో స్పీడ్ కంట్రోలర్. అంతే. మోటార్ మీద "2000 కేవీ" అని ఉంటే కిలోవోల్టులు కాదు, లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్ట్‌కి 2000 ఆర్‌పీఎం అని అర్థం. నాలుగు సెల్స్ ప్యాక్ అంటే 14.8 వోల్ట్స్. గుణిస్తే 29,600. అంటే నైట్రోకి దగ్గర దగ్గరే! పైగా మోటార్ ఆగి ఉన్న క్షణం నుంచే ఫుల్ టార్క్ ఇస్తుంది. నైట్రోలో ఆర్‌పీఎం పెరగాలి, క్లచ్ పట్టుకోవాలి, అప్పుడు కదులుతుంది.

అలాంటప్పుడు నైట్రో ఎందుకు బతికుంది? రేసు టైమ్ వల్ల. 1/10 ఎలక్ట్రిక్ రేసు మామూలుగా ఐదు నిమిషాలు. 1/8 నైట్రో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ గంటసేపు. ట్యాంక్ 125 సీసీయే కాబట్టి ఎనిమిది, పది నిమిషాలకోసారి పిట్‌లోకి రావాలి. డ్రైవర్ పైన స్టాండ్ మీద ఉంటాడు, కింద మెకానిక్ కొన్ని సెకన్లలో ఇంధనం నింపేస్తాడు. బ్యాటరీని అంత స్పీడ్‌గా నింపలేం. అందుకే నైట్రో ఒక్కడి ఆట కాదు, టీమ్ ఆట.

ట్యూనింగ్ కూడా వేరు. నైట్రోలో ఎండ, తేమ మారితే కార్బొరేటర్ నీడిల్ మళ్లీ సెట్ చేయాలి. ఇంధనం మరీ తక్కువగా వెళ్తే ఇంజిన్ వేడెక్కి పాడవుతుంది. ఎలక్ట్రిక్‌లో చాలావరకు సెట్టింగ్స్ మార్చుకుంటే సరి.

ఇక ఇది స్కిప్ చేయకండి. మిథనాల్ విషం. పగటి వెలుతురులో దాని మంట సరిగ్గా కనిపించదు కూడా. లిపో కూడా తక్కువేం కాదు. ఒక్కో సెల్ 4.2 వోల్ట్స్ దాటకూడదు, 3 కంటే కిందికి పోకూడదు. వాడకుండా పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయొద్దు. ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు.

నా మాట అడిగితే, మొదటి కారు ఎలక్ట్రికే. అపార్ట్‌మెంట్‌లో సౌండ్ గొడవ లేదు, ఒక్కరే ప్రాక్టీస్ చేసుకోవచ్చు. నైట్రో కావాలంటే ముందు మీ ఊళ్లో ఇంధనం దొరుకుతుందో లేదో కనుక్కోండి. దాన్ని ఫ్లైట్ బ్యాగులో తెచ్చుకోలేరు. తర్వాత, పిట్‌లో నిలబడే ఫ్రెండ్‌ని ఒకణ్ని వెతుక్కోండి. ఆ రెండూ కుదిరాకే కారు కొనండి.

మీరు ఏ టీమో కామెంట్‌లో చెప్పండి. బై!