పాత లారీ: తగ్గిన బలము, పెరిగిన డీజిలు ఖర్చు

లారీకి వయస్సు వచ్చినకొలది దాని యజమాని నోట రెండు మాటలు తరచుగా వినబడును. బండి లాగుట లేదనునది మొదటిది. డీజిలు త్రాగివేయుచున్నదనునది రెండవది. ఈ రెండును వేరు వేరు వ్యాధులని తలచి, ఒకదానికి ఒక షెడ్డులోను, రెండవదానికి మఱియొక షెడ్డులోను చికిత్స చేయించువారు కలరు. నిజమునకు ఇవి పెక్కుసార్లు ఒకే వ్యాధికి రెండు లక్షణములు. ఇంజనులో ప్రవేశించిన డీజిలు సరిగా మండకున్నను, మండగా పుట్టిన బలము రోడ్డును చేరకమునుపే వ్యర్థమైనను, లారీ నెమ్మదించును. ఆ లోటును పూడ్చుటకు డ్రైవరు ఆక్సిలరేటరును మఱింత త్రొక్కును. ఖర్చు పెరుగును. కావున బలమెక్కడ పోవుచున్నదో కనుగొన్నచో డీజిలు ఎక్కడ పోవుచున్నదో చాలవరకు తెలియును.

గృహస్థులకు ఈ విషయముతో నేమి పని యని కొందరు అడుగవచ్చును. మన వంటయింటికి చేరు బియ్యము, ఉల్లి, మిరప ఏదో ఒక మజిలీలో లారీ యెక్కియే వచ్చుచున్నవి. అంతకంటె దగ్గరి కారణము మఱియొకటి కలదు. ఒకటి రెండు పాత లారీలే జీవనాధారముగా గల కుటుంబములు మన ఊళ్ళలో అనేకము. అట్టి యింటి లెక్కను చూడుడు. దినమునకు 300 కిలోమీటర్లు నడచు లారీ లీటరునకు 4 కిలోమీటర్లు ఇచ్చినచో 75 లీటర్లు చాలును. అదియే 3 కిలోమీటర్లకు దిగినచో 100 లీటర్లు కావలెను. నెలకు 25 దినములు నడచినచో అదనముగా పోవునది 625 లీటర్లు. కిరాయి ఇచ్చు వ్యాపారి ఈ నష్టమును భరింపడు. అది పిల్లల చదువునుండియో, బండి వాయిదాల సొమ్మునుండియో తీయవలసినదే.

మేమిచట చెప్పునది పాత పద్ధతి పంపుతో నడచు డీజిలు ఇంజనులను గూర్చి మాత్రమే. 1954లో జంషెడ్‌పూరులో టాటావారు మెర్సిడిస్-బెంజ్ సహకారముతో లారీలను నిర్మింప నారంభించిరి. 1955లో మదరాసు చెంత ఎన్నూరులోని అశోక్ మోటార్సు సంస్థ అశోక్ లేలాండు అయినది. అది మొదలు అనేక సంవత్సరములు మన లారీలలో ఇంధనమును కొలిచి పంపు పని పూర్తిగా యంత్రపు పంపుదే. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చిన తరువాతి బండ్లలో ఆ పనిని కంప్యూటరు నడిపించును. వాటి పరీక్షా విధానము వేరు.

మొదట చేయవలసినది విప్పుట కాదు, కొలుచుట. మైలేజీ నిజముగా తగ్గినదా? టాంకును అంచువరకు నింపి, అనుకూలమైన దూరము నడిపి, తిరిగి అదే బంకులో, అదే సమతలమున అంచువరకు నింపి లెక్కింపవలెను. ఒక్క ట్రిప్పు చాలదు. మూడు నాలుగు ట్రిప్పుల సగటు కావలెను. ప్రతి ట్రిప్పులో బరువెంత, దారి యేది, డ్రైవరెవరు అనునవి పుస్తకమున వ్రాయవలెను. ఇంటిలోని చదువుకొన్న పిల్లలైనను ఈ పుస్తకమును నడుపగలరు. టాంకు క్రింద తడి యున్నదా, గొట్టముల కీళ్ళవద్ద డీజిలు కారుచున్నదా, నిలిపినచోట ఎవరైన తీయుచున్నారా యని కూడ చూడవలెను. ఇంజనులో లేని దోషమునకు ఇంజనును విప్పించినవారు తక్కువమంది కారు.

కొలత వలన తగ్గుదల నిజమని తేలినప్పుడు ఇంజను పనిని కొంత తెలిసికొనవలెను. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున విజయవంతముగా నడిపి చూపిన ఈ యంత్రములో నిప్పురవ్వతో పని లేదు. సిలిండరులోని గాలిని పిస్టను పదునారవ వంతునకో, పదునెనిమిదవ వంతునకో నొక్కివేయును. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించి వేడెక్కును. ఆ సమయమున నాజిలు చల్లు డీజిలు తుంపరలు వాటంతట అవే అంటుకొనును. అనగా మూడు సక్రమముగా నుండవలెను: చాలినంత గాలి, చాలినంత నొక్కుడు, సరియైన కొలతలో, సరియైన క్షణమున మంచుతుంపరవలె వచ్చు ఇంధనము.

వీనిలో గాలిని మనము చులకనగా చూచెదము. ఏలయన దానికి వెల లేదు. ఒక లీటరు డీజిలు పూర్తిగా మండుటకు దాదాపు 12 కిలోగ్రాముల గాలి కావలెను. పొడవు, వెడల్పు రెండేసి మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లు గల చిన్నగది నిండ నుండు గాలి యంత! నడకలో ఇంజను అంతకు మించియే పీల్చును. ఆ గాలి యంతయు ఒక్క ఎయిర్ ఫిల్టరు గుండ పోవలెను. అది దుమ్ముతో పూడినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

ఇక పరీక్షకు దిగుదము. వైద్యుడు నాలుకను చూచినట్లు మనము పొగను చూడవలెను. ఇంజను వేడెక్కిన తరువాత, బరువుతో ఎత్తునకు లాగుచున్నప్పుడు వచ్చు పొగయే సాక్ష్యము. చలి ఉదయమున స్టార్టు చేయగానే కొన్ని నిమిషములు వచ్చు తెల్లపొగను లెక్కింప నక్కరలేదు.

పొగ నల్లగా నున్నచో, గాలికి మించిన డీజిలు లోనికి పోవుచున్నదని అర్థము. మొదట ఎయిర్ ఫిల్టరును విప్పవలెను. కాగితపు ఫిల్టరైనచో లోపల దీపము నుంచి వెలుగు సమముగా కనబడుచున్నదేమో చూడవలెను, లేనిచో మార్చవలెను. నూనె తొట్టి గలదైనచో తొట్టిలోని బురదను తీసి, గుర్తువరకు క్రొత్త నూనె పోయవలెను. కొందరు ఫిల్టరును పూర్తిగా తీసివేసి, బండి తేలికైనదని సంతోషింతురు. క్వారీ దారులలో ఆ సంతోషము కొన్నాళ్ళదే; లోనికి పోయిన దుమ్ము లైనరును, రింగులను ఆకురాయివలె అరుగదీయును. టర్బో గల ఇంజనులో దానినుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టములను తడిమి చూడవలెను. పగులున్నచోట నూనెమరక తరచుగా కనబడును. టాపెట్ల సందు సరిలేకున్నను, సైలెన్సరు లోపల పూడుకొన్నను గాలి నడక చెడును.

గాలి సరిగా నున్నను నల్లపొగ పోనిచో నాజిళ్ళను పరీక్షింపవలెను. పాత ఇంజనులలో నాజిలు సుమారు 200 వాతావరణముల పీడనముతోగాని తెరచుకొనదు. దాని రంధ్రములు మిల్లీమీటరులో మూడవ వంతునకు అటు నిటుగా నుండును. అట్టి సూక్ష్మద్వారమున మసి పేరుకొన్నను, లోని స్ప్రింగు నీరసించినను, తుంపరకు బదులు ధార పడును. ధార పూర్తిగా మండదు. ఏ సిలిండరు పని చేయుట లేదో తెలియుటకు మెకానిక్కులు ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి, ఒక్కొక్క నాజిలు గొట్టపు నట్టును కొంచెము వదులు చేయుదురు. ఇంజను తడబడినచో ఆ సిలిండరు పని చేయుచున్నట్లు. మార్పు లేకున్నచో దోషము అచ్చటనే కలదు. ఈ పరీక్ష తెలిసినవారు మాత్రమే చేయవలెను. ఆ పీడనముతో చిమ్ము డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. గాయము చిన్నదిగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలసినదే. కంప్యూటరు బండ్లలో పీడనము దీనికి ఎన్నో రెట్లు అధికము. వాటి గొట్టములను నడుచుచుండగా ముట్టనే రాదు.

వేడెక్కిన తరువాతను తెల్లపొగ విడువనిచో డీజిలు మండకయే ఆవిరియై పోవుచున్నదనుకొనవలెను. పంపు సమయము వెనుకబడుట, సిలిండరులో నొక్కుడు చాలకుండుట దీనికి ముఖ్యకారణములు. రేడియేటరులో నీరు దినదినము తగ్గుచు, ఇంజను తిరుగునపుడు నీటిలో బుడగలు కనబడినచో హెడ్డు గాస్కెటును అనుమానింపవలెను. పొగ నీలముగా నున్నచో మండుచున్నది ఇంజను ఆయిలే. ఆయిలు పోయు మూతను తీసి చూచునపుడు అచ్చటనుండి పొగ బలముగా తన్నుకొని వచ్చినచో రింగులు, లైనర్లు అరిగినవని గ్రహింపవలెను. అప్పుడు కంప్రెషన్ మీటరుతో ఒక్కొక్క సిలిండరును కొలిపించి, అవసరమైనచోనే బోరు పనికి ఒప్పుకొనవలెను.

పొగ యేమియు లేదు, బలమును లేదు! అట్టిచో ఇంజనునకు ఇంధనమే అందుట లేదు. ఇది చాల చవుకగా నయమగు వ్యాధి. ఒకరిని ఆక్సిలరేటరును పూర్తిగా త్రొక్కమని, పంపువద్ద మీట చివరివరకు పోవుచున్నదేమో చూడవలెను. అరిగిన కీళ్ళవలన మీట సగములో ఆగుట సామాన్యము. టాంకు మూతలోని గాలిరంధ్రము పూడినచో, మూత తీయగానే గాలి పీల్చుకొన్న శబ్దము వినబడును. పిదప టాంకులోని జల్లెడ, ఫీడు పంపు జల్లెడ, డీజిలు ఫిల్టరు, గాలి పీల్చు కీళ్ళు వరుసగా చూడవలెను. కిరసనాయిలు కలిసిన డీజిలు పలుచనిది. పంపు అరుగుటకు అదియు ఒక కారణము.

తరచుగా మరచునది థెర్మోస్టాటు. వేడెక్కుచున్నదని దానిని తీసి పారవేయు అలవాటు మన షెడ్లలో కలదు. ఇంజను 80, 90 డిగ్రీల వేడిలో చక్కగా పని చేయును. ఎల్లప్పుడు చల్లగా నడచు ఇంజను ఎక్కువ డీజిలు తినును, త్వరగా అరుగును.

ఇంజనులో దోషము దొరకనప్పుడు చక్రములవైపు చూడవలెను. సమతలమున గేరు తీసి వదలినప్పుడు లారీ సాఫీగా దొర్లకయే ఆగుచున్నదా? బ్రేకులు పట్టుకొని యుండవచ్చును. కొంతదూరము నడిపి ఆపి, ఒక్కొక్క బ్రేకు డ్రమ్ము చెంతకు, తాకకుండ, చేతిని పోనిండు. మిగిలిన వాటికంటె వేడిగా నున్నదే దోషి. టైర్లలో గాలి తక్కువైనచో ప్రతి తిరుగుడులోను అవి నలుగుచు బలమును తినును. గాలిని చల్లని టైరులోనే కొలువవలెను. ఇంజను వేగము పెరుగుచు బండి వేగము పెరుగనిచో, మాడిన వాసన తోడైనచో, క్లచ్చి జారుచున్నది.

ఒక్కొక్కప్పుడు దోషము బండిది కాకపోవచ్చును. విశాఖపట్టణమునుండి అరకునకు ఎక్కు దారిలో సుమారు 900 మీటర్ల ఎత్తున గాలి పలుచనై, టర్బో లేని ఇంజను తన బలములో పదింట ఒక వంతునకు సమీపముగా కోల్పోవును. ఇది ప్రకృతి ధర్మము. దీనికి చికిత్స లేదు.

కడపట ఒక హెచ్చరిక. బండి లాగుట లేదనగానే పంపు మరను త్రిప్పి డీజిలు పెంచెదమనువారు కలరు. ఆ దినమున బండి చురుకుగా నడచినట్లు తోచును. కాని గాలి పెరుగక డీజిలు మాత్రము పెరిగినచో పెరుగునది నల్లపొగ, పిస్టను వేడి, బంకు బిల్లు. ఆ పొగ డ్రైవరు ఊపిరిలోనికి, దారిప్రక్క యిండ్లలోనికి పోవును; డీజిలు పొగ మానవులకు క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012లో నిర్ణయించినది. పంపును ముట్టవలసి వచ్చినచో కొలత బల్లపై నమర్చి, నిర్మాత చెప్పిన కొలతకే సరిచేయించవలెను.

కావున వరుస యిది: ముందు పుస్తకము, పిదప కన్ను, పిదప ఫిల్టర్లు, టైర్లు, బ్రేకులు, అటుపిమ్మట నాజిళ్ళు, పంపు, అన్నిటికి కడపట ఇంజను విప్పుట. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చు గలవి వెనుక. ఒక్కసారి ఒక్క మార్పే చేసి, తిరిగి టాంకు నింపి కొలిచినచో, ఏ మందు పనిచేసినదో యజమానికి తెలియును. చేతిలోని సొమ్ము చేతిలోనే మిగులును.