పరోక్ష కారుణ్య మరణం

కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాన్ని నిలబెడుతున్న చికిత్సను ఆపేయడం లేదా అసలు మొదలుపెట్టకపోవడమే పరోక్ష కారుణ్య మరణం. ఇంజెక్షన్‌తో ప్రాణం తీయడం వేరు; అది మన దేశంలో నేరమే. ఆత్మహత్యకు సాయపడటమూ అంతే.

అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు దీనికి దారి తెరిచింది. ఢిల్లీ సంస్థ ‘కామన్ కాజ్’ పిటిషన్‌పై 2018 మార్చి 9న, గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనంది. 2023లో నిబంధనలు సడలించింది. ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి, కుటుంబం సమ్మతించాలి, మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇవ్వాలి.

చిక్కంతా ఆహారం అందించే గొట్టం దగ్గరే వచ్చింది. ఏళ్లుగా మంచానపడిన గాజియాబాద్ యువకుడి తల్లిదండ్రుల వినతిని 2024 జులైలో ఢిల్లీ హైకోర్టు తోసిపుచ్చింది. అతనికి గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నా, వెంటిలేటర్‌లాంటి యంత్రాలపై లేడన్నది కారణం. మరి గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం చికిత్సా, అన్నం పెట్టడమా? రెండోదేనంటారు వ్యతిరేకులు. దీన్ని అనుమతిస్తే వృద్ధులు, వికలాంగులు, ఆస్తి ఉన్నవాళ్లపై ఒత్తిడి పెరుగుతుందనీ, మనకు కావాల్సింది నొప్పి తగ్గించే పాలియేటివ్ సేవలనీ వారి వాదన. తీరని బాధను పొడిగించే హక్కు ఎవరిదని సమర్థకుల ప్రశ్న.

తెలుగువారికి ఈ చర్చ కొత్తేమీ కాదు. అవయవదానం కోసం కారుణ్య మరణం కోరుతూ హైదరాబాద్ చెస్ ఆటగాడు కె.వెంకటేశ్ తరఫున 2004లో చేసిన వినతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తిరస్కరించింది.

ఇలాంటి చికిత్స వద్దనుకునే వయోజనులెవరైనా ముందే ‘లివింగ్ విల్’ రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉండాలి.